బండ్ల లెక్క నుంచి డబ్బు లెక్క దాకా: మన్‌హాటన్ టోల్ ప్రాజెక్టు డైరీ

ఏప్రిల్ 12, 2025, శనివారం

న్యూయార్క్ రాష్ట్ర ఓపెన్ డేటా సైటు నుంచి ఎంటీఏ, అంటే అక్కడి సబ్‌వే, బస్సులు నడిపే సంస్థ, పెట్టిన ఫైలు పొద్దున్నే దించుకున్నాను. మన్‌హాటన్‌లో 60వ వీధి నుంచి కిందికి, అంటే ద్వీపం దక్షిణ కొస దాకా ఉన్న ప్రాంతంలోకి ఎన్ని బండ్లు వస్తున్నాయో పది నిమిషాలకొక లెక్క చొప్పున ఇందులో ఉంది. జనవరి 5న అక్కడ రద్దీ టోల్, అంటే ఆ ప్రాంతంలోకి వచ్చే బండ్ల మీద వేసే రుసుము, మొదలైంది. అమెరికాలో ఒక నగరం ఇలాంటిది పెట్టడం ఇదే మొదటిసారి.

నా ప్రశ్న ఒక్కటే. జనవరి 5 నుంచి 31 వరకు 4.866 కోట్ల డాలర్లు వసూలైందని, ఖర్చులు పోగా 3.75 కోట్లు మిగిలిందని ఎంటీఏ ప్రకటించింది. ఈ ఫైల్లోని బండ్ల సంఖ్యను మాత్రమే పట్టుకుని నేను ఆ 4.866 కోట్లకు చేరగలనా? చేరగలిగితే రాబోయే నెలల ఆదాయాన్ని ప్రకటన రాకముందే అంచనా వేయొచ్చు. చేరలేకపోతే ఎక్కడ తప్పుతున్నానో తెలుస్తుంది. నాకు రెండోది కూడా అంతే ముఖ్యం.

ఇది ఎందుకు పట్టించుకుంటున్నానో రాసి పెట్టుకుంటాను, మధ్యలో విసుగొచ్చినప్పుడు చదువుకోవడానికి. పోయిన ఏడాది అమ్మ ఇండియా నుంచి వచ్చినప్పుడు లిఫ్ట్ లేని ఒక సబ్‌వే స్టేషన్‌లో దిగాం. మోకాళ్ల నొప్పితో ఆమె ఆ మెట్లు ఎక్కడానికి పదిహేను నిమిషాలు పట్టింది. మధ్యలో రెండుసార్లు గోడకు ఆనుకుని నిలబడింది. ఈ టోల్ డబ్బు చూపించి ఎంటీఏ 1,500 కోట్ల డాలర్ల పెట్టుబడి సమకూర్చుకోవాలని 2019 నాటి చట్టం చెబుతోంది. స్టేషన్లకు లిఫ్ట్‌లు, పాతబడిన సిగ్నళ్ల మార్పు, సెకండ్ అవెన్యూ సబ్‌వేను 125వ వీధి వరకు పొడిగించడం అన్నీ ఆ పద్దులోవే. అందులో 80 శాతం సబ్‌వేకు, బస్సులకు పోతుంది. మిగిలింది లాంగ్ ఐలాండ్, మెట్రో నార్త్ రైళ్లకు చెరి 10 శాతం. అందుకని ఈ ఆదాయం అంచనా తప్పితే ఎవరో ఒకరి మెట్ల దగ్గరే ఆ తప్పు తేలుతుంది.

ఫైలు గురించి. బండ్లను ఆరు రకాలుగా విడదీశారు: కార్లు–పికప్‌లు–వ్యాన్లు కలిపి ఒకటి, చిన్న ట్రక్కులు, పెద్ద ట్రక్కులు, బస్సులు, మోటార్‌సైకిళ్లు, ఆరోది ట్యాక్సీలు–యాప్ క్యాబ్‌లు. లెక్కపెట్టే చోట్లు పన్నెండు. బ్రూక్లిన్, మన్‌హాటన్, విలియమ్స్‌బర్గ్, క్వీన్స్‌బరో వంతెనలు నాలుగు. లింకన్, హాలండ్, క్వీన్స్ మిడ్‌టౌన్, హ్యూ ఎల్. కేరీ టనెళ్లు నాలుగు. మిగతా నాలుగూ 60వ వీధి మీద: తూర్పు వైపు, పడమర వైపు, ఎఫ్‌డీఆర్ డ్రైవ్, వెస్ట్ సైడ్ హైవే. రోజుకు 144 పది నిమిషాల బ్లాకులు, పన్నెండు చోట్లు, ఆరు రకాలు. గుణిస్తే రోజుకు 10,368 వరుసలు. లాప్‌టాప్‌కు ఇది పెద్ద బరువేమీ కాదు.

ఏప్రిల్ 13, ఆదివారం

మొదటి లెక్క వేశాను. ఎంట్రీలను, అంటే లోపలికి వచ్చిన బండ్ల సంఖ్యను, రేటుతో గుణించడమే.

ఈ-జెడ్‌పాస్, అంటే మన ఫాస్టాగ్ లాంటి టోల్ ట్యాగ్, ఉన్న కారుకు పగటి రేటు 9 డాలర్లు, రాత్రి 2.25. మోటార్‌సైకిల్‌కు పగలు 4.50. చిన్న ట్రక్కుకు 14.40, పెద్ద ట్రక్కుకు 21.60. రాత్రి రేట్లు పగటి వాటిలో దాదాపు నాలుగో వంతు. ట్యాక్సీలది వేరే పద్ధతి. వాటికి రోజుకింత అని కాకుండా ప్రయాణానికింత అని వేస్తారు, అది కూడా ప్రయాణికుడి బిల్లులోనే: పసుపు ట్యాక్సీకి 75 సెంట్లు, యాప్ క్యాబ్‌కు ఒకటిన్నర డాలరు.

పొద్దున రెండు తప్పులు చేశాను. మొదటిది, ఫైల్లో లెక్కల కాలమ్‌లు రెండున్నాయి: టోల్ ప్రాంతంలోకి వచ్చినవి ఒకటి, మినహాయింపు రోడ్ల మీదే ఉండిపోయినవి ఇంకొకటి. ఎఫ్‌డీఆర్ డ్రైవ్ మీదుగానో వెస్ట్ సైడ్ హైవే మీదుగానో ద్వీపం అంచు వెంట వెళ్లిపోయే బండికి టోల్ లేదు. నేను రెండు కాలమ్‌లూ కలిపేశాను. ఎఫ్‌డీఆర్ దగ్గర సంఖ్య మరీ పెద్దదిగా కనిపించాక అనుమానం వచ్చి వెనక్కి వెళ్లి చూసుకున్నాను.

రెండోది, పగటి రేటు ఉదయం 5 నుంచి రాత్రి 9 వరకు అని అన్ని రోజులకూ పెట్టేశాను. శని, ఆదివారాల్లో అది ఉదయం 9కి మొదలవుతుంది. వారాంతం పొద్దున నాలుగు గంటల పాటు వచ్చిన ప్రతి కారు మీదా 6.75 డాలర్లు ఎక్కువ వేసుకుంటూ పోయానన్నమాట. పగలా రాత్రా అన్నది ఫైల్లోనే ఒక కాలమ్‌గా ఇచ్చారు. నా సూత్రం ఇచ్చే జవాబును దానితో పోల్చి, తేడా ఉన్న వరుసలను బయటికి తీస్తే అన్నీ శని ఆదివారాలవే. ఫైలు ఇచ్చిన కాలమ్ ఉండగా సొంతంగా సూత్రం రాయాల్సిన పని లేదు. అయినా రాసినందుకు నియమం బాగా గుర్తుండిపోయింది.

ఈ రెండూ సరిచేశాక కూడా మొత్తం 4.866 కోట్లను దాటి చాలా దూరం పోయింది.

ఏప్రిల్ 19, శనివారం

ఇవాళ కంప్యూటర్ పక్కన పెట్టి కాగితం మీద వెనక నుంచి ముందుకు లెక్క వేశాను. ఎంటీఏ జనవరి ఆదాయాన్ని రకాలవారీగా కూడా చెప్పింది: 68 శాతం మామూలు కార్ల నుంచి, 22 శాతం ట్యాక్సీలు–యాప్ క్యాబ్‌ల నుంచి, 9 శాతం ట్రక్కుల నుంచి, మిగతా ఒక్క శాతం బస్సులు, మోటార్‌సైకిళ్ల నుంచి.

68 శాతమంటే దాదాపు 3.31 కోట్ల డాలర్లు. 27 రోజులకు పంచితే రోజుకు సుమారు 12.25 లక్షలు. అందరూ పూర్తిగా 9 డాలర్లే కట్టారనుకుంటే రోజుకు దాదాపు 1.36 లక్షల కార్లకు సమానం. ఫైల్లో రోజుకు కనిపిస్తున్న కార్ల ఎంట్రీలు దీనికంటే బాగా ఎక్కువ. రాత్రి బండ్ల వల్లే ఈ తేడా అనుకోవడానికి వీల్లేదు, ఎందుకంటే ఆదాయంలో 95 శాతం పగటి వేళలదే. అంటే పగలు లోపలికి వచ్చిన కార్లలో చాలా వాటి నుంచి 9 డాలర్లు రావడం లేదు.

ట్రక్కుల వాటా రోజుకు దాదాపు 1.62 లక్షల డాలర్లు. అన్నీ చిన్నవే అనుకుంటే రోజుకు 11,260 పూర్తి టోళ్లు, అన్నీ పెద్దవే అనుకుంటే 7,500. నిజం ఈ రెండింటి మధ్య ఎక్కడో ఉంటుంది. ప్రస్తుతానికి ట్రక్కుల జోలికి పోను. 9 శాతం దగ్గర తలబద్దలు కొట్టుకునే ముందు 68 శాతం సంగతి తేల్చాలి.

ట్యాక్సీల దగ్గర చిత్రం తిరగబడింది. వాటి వాటా రోజుకు 3.96 లక్షల డాలర్లు. అన్నీ ఒకటిన్నర డాలరు ప్రయాణాలే అయినా రోజుకు 2.64 లక్షల ప్రయాణాలు కావాలి, అన్నీ 75 సెంట్లవే అయితే 5.29 లక్షలు కావాలి. నా లెక్కలో ట్యాక్సీ ఎంట్రీల ద్వారా వచ్చిన డబ్బు దీని దరిదాపుల్లో లేదు. బాగా తక్కువ.

కార్ల వైపు ఎక్కువ, ట్యాక్సీల వైపు తక్కువ. మొత్తం మాత్రమే చూసుకుంటే ఒక తప్పు ఇంకొక తప్పును కొంత కప్పేస్తోంది. రేపెప్పుడైనా ఈ రెండూ సరిగ్గా సమానమై మొత్తం కలిసిపోతే, నేను లెక్క కుదిరిందని సంబరపడి పోయేవాణ్ని. ఇకనుంచి మొత్తం అంకెతో పోల్చను. రకాలవారీగానే పోలుస్తాను.

ఏప్రిల్ 26, శనివారం

కార్ల చిక్కుముడి పక్క అపార్ట్‌మెంట్‌లో విడింది.

మా పక్కింటి అన్న ఎలక్ట్రికల్ పనులు చేస్తారు. సొంత వ్యాన్ ఉంది. జెర్సీ సిటీ నుంచి హాలండ్ టనెల్ మీదుగా వారంలో నాలుగైదు రోజులు మన్‌హాటన్ వెళ్తారు. చిన్న వ్యాన్ కాబట్టి కారు రేటే పడుతుంది.

"అన్నా, మీ ఈ-జెడ్‌పాస్ స్టేట్‌మెంట్ ఒకసారి చూపిస్తారా? టోల్ లెక్క ఒకటి వేస్తున్నాను, ఎక్కడో తేడా కొడుతోంది" అని అడిగాను.

"చూడు తమ్ముడూ, ఇందులో దాచేదేముంది" అని ఫోన్ చేతికిచ్చారు. "కానీ నేను రోజుకు ఒకసారి కట్టి రెండు మూడుసార్లు లోపలికి పోతుంటాను, అది రాసుకో."

ఆ మాటతోనే సగం జవాబు దొరికింది. ఒక రోజు ఆయన పొద్దున హాలండ్ టనెల్‌లోంచి లోపలికి వెళ్లారు. మధ్యాహ్నం బ్రూక్లిన్‌లో ఇంకో పని చూసుకుని మన్‌హాటన్ బ్రిడ్జి మీదుగా మళ్లీ లోపలికి వచ్చారు. స్టేట్‌మెంట్‌లో మన్‌హాటన్ టోల్ ఒక్కటే పడింది, అదీ 6 డాలర్లు. రోజుకు ఒక్కసారే టోల్ అన్నది మొదటి కారణం. పగటి వేళ లింకన్, హాలండ్ టనెళ్లలో ఇప్పటికే టోల్ కట్టి వచ్చినవాళ్లకు 3 డాలర్లు తగ్గిస్తారన్నది రెండో కారణం. నా మొదటి లెక్కేమో ఆ రెండు ఎంట్రీలకూ 9 చొప్పున 18 వేసింది. ఒక్క బండి, ఒక్క రోజు, మూడింతలు తేడా.

నియమాలు నాకు తెలియనివి కావు. రేట్ల పేజీలో అన్నీ ఉన్నాయి. కానీ ఫైల్లో ప్రతి ఎంట్రీ ఒకేలా కనిపిస్తుంది. బండి నంబరు ఉండదు కాబట్టి రెండోసారి వచ్చిన వ్యాను కూడా కొత్త వ్యానే. కెమెరా ముందు నుంచి వెళ్లిన బండ్లను ఆ ఫైలు లెక్కపెడుతుంది. కట్టాల్సినవాళ్లను కాదు. ఇన్ని రోజులూ ఈ రెండింటినీ ఒకటే అనుకున్నాను.

వెళ్లేముందు అన్న ఇంకో మాట అన్నారు. హాలండ్ టనెల్‌కు రద్దీ వేళ 16 డాలర్ల 6 సెంట్లు, దాని మీద ఈ 6. "పొద్దున గేటు దాటేసరికి 22 డాలర్లు. పని ఒప్పుకునేటప్పుడు ఇప్పుడు దీన్ని కూడా కలిపి చెబుతున్నాను. కానీ లోపల తిరగడానికి మునుపటంత టైం పట్టట్లేదు, ఒక్కోరోజు ఇంకో పని కూడా పడుతోంది." ఆయన లాభపడ్డారా నష్టపోయారా అన్నది నా ఫైలు చెప్పదు. ఆయన స్టేట్‌మెంట్ కూడా పూర్తిగా చెప్పదు.

మే 3, శనివారం

ఇవాళంతా ట్యాక్సీలతోనే గడిచింది, రోజు మొత్తం సంతృప్తిగా సాగింది.

ట్యాక్సీ గీత దాటితే కాదు, ప్రయాణం చేస్తే డబ్బు. టైమ్స్ స్క్వేర్‌లో ఎక్కి వాల్ స్ట్రీట్‌లో దిగినవాళ్ల ప్రయాణం 60వ వీధినీ దాటదు, ఏ వంతెననూ దాటదు. అది ఎంట్రీల ఫైల్లో అసలు ఉండదు. కానీ ఫీజు పడుతుంది. మరోవైపు, ఖాళీగా లోపలికి వచ్చిన ట్యాక్సీ ఎంట్రీల్లో ఉంటుంది, ఫీజు పడదు. కాబట్టి ట్యాక్సీలకు ఎంట్రీల ఫైలు పనికిరాదు. నగరంలోని ట్యాక్సీ కమిషన్, అంటే టీఎల్‌సీ, ప్రతి నెలా విడుదల చేసే ప్రయాణాల ఫైళ్లు వాడాలి.

జనవరి పసుపు ట్యాక్సీల ఫైల్లో దాదాపు 35 లక్షల వరుసలు ఉన్నాయి. ఊబర్, లిఫ్ట్ (Lyft) లాంటి యాప్ క్యాబ్‌ల ఫైల్లో సుమారు 2 కోట్లు. రెండోదాన్ని మొత్తంగా తెరవబోతే లాప్‌టాప్ బిగుసుకుపోయింది. డేటాను కాలమ్‌లవారీగా దాచే పార్కే ఫార్మాట్ కాబట్టి కావలసిన కాలమ్‌లు మాత్రమే చదవొచ్చు. తేదీ, ఫీజు రెండే తీసుకుని డక్‌డీబీ అనే డేటాబేస్ ప్రోగ్రామ్‌తో కూడితే కాఫీ కలుపుకుని వచ్చేలోపు పని అయిపోయింది.

ఇక్కడా ఒక పొరపాటు జరిగింది. ఈ ఫైళ్లలో రద్దీ పేరుతో రెండు కాలమ్‌లున్నాయి. ఒకటి 2019 నుంచి ఉన్న పాత సర్‌చార్జి. మన్‌హాటన్‌లో 96వ వీధికి దక్షిణాన తిరిగే ప్రయాణాల మీద పసుపు ట్యాక్సీకి 2.50, యాప్ క్యాబ్‌కు 2.75 పడుతుంది. కొత్త టోల్ కాలమ్ 2025 జనవరి నుంచి కలిపారు. నేను మొదట పాతదాన్నే కూడేశాను. రోజువారీ గ్రాఫ్ గీస్తే జనవరి 1 నుంచి 4 వరకు కూడా డబ్బు కనిపించింది. టోల్ మొదలైంది 5వ తేదీ అర్ధరాత్రి కదా. అప్పుడు అర్థమైంది. కొత్త కాలమ్ తీసుకోగానే మొదటి నాలుగు రోజులూ సున్నా, ఐదో తేదీ నుంచి గోడలా లేచింది. ఇలాంటి తేదీ ఒకటి డేటాలో ఉంటే అది వరం. ఏ లెక్కనైనా దాని ముందు నిలబెట్టి పరీక్షించొచ్చు.

పసుపు ట్యాక్సీల ఫైల్లో మైనస్ వరుసలు కూడా ఉన్నాయి. బిల్లు రద్దయినప్పుడో వివాదం వచ్చినప్పుడో అదే ప్రయాణం ఒకసారి ప్లస్‌తో, ఒకసారి మైనస్‌తో కనిపిస్తుంది. తప్పుడు డేటా అని మైనస్‌లను తీసేస్తే ప్లస్ మాత్రం మిగిలి, రద్దయిన ప్రయాణాలకు కూడా డబ్బు వచ్చినట్టు అవుతుంది. రెండూ ఉంచి కూడాలి, అవే కొట్టేసుకుంటాయి.

మరో చిన్న లోటుంది. యాప్ కంపెనీలు కాని పాత తరహా కారు సర్వీసుల ఫైల్లో అసలు డబ్బు కాలమ్‌లే లేవు. ఎక్కిన చోటు, దిగిన చోటు, సమయం మాత్రమే. ఆ ముక్క ఇలా కూడితే దొరకదు.

ఇవన్నీ అయ్యాక ట్యాక్సీల మొత్తాన్ని ఎంటీఏ చెప్పిన 22 శాతం, అంటే దాదాపు 1.07 కోట్ల డాలర్ల పక్కన పెడితే అక్కడికక్కడే వచ్చింది. ఎలాంటి సర్దుబాటూ చేయలేదు. ట్యాక్సీల పద్దు ముగించాను.

మే 10, శనివారం

మళ్లీ కార్లు. టనెల్ తగ్గింపులు పెట్టాను. పగటి వేళ లింకన్, హాలండ్ నుంచి వచ్చే కారుకు 6 డాలర్లు. క్వీన్స్ మిడ్‌టౌన్, హ్యూ ఎల్. కేరీ టనెళ్లకు తగ్గింపు ఒకటిన్నర కాబట్టి 7.50. వంతెనల మీదుగా, 60వ వీధి మీదుగా వచ్చేవాళ్లకు 9. రాత్రి తగ్గింపులేమీ లేవు, ఎటునుంచి వచ్చినా 2.25. జార్జ్ వాషింగ్టన్ బ్రిడ్జి మీద టోల్ కట్టి, ఉత్తరం నుంచి కిందికి దిగి 60వ వీధి దాటేవాళ్లకు తగ్గింపు లేదు. వాళ్లు ఫైల్లో 60వ వీధి కిందే ఉన్నారు కాబట్టి లెక్కకు ఇబ్బంది లేదు.

తేడా కొంత తగ్గింది. పోలేదు. మిగిలినదాన్ని చూస్తే ఎన్నో కారణాలు కలగలిసి ఉన్నాయి. ఒకే రోజు రెండోసారి వచ్చినవాళ్లు ఉన్నారు. అంబులెన్సుల్లాంటి మినహాయింపు బండ్లున్నాయి. ఏడాదికి 50,000 డాలర్ల లోపు సంపాదించేవాళ్లు పేరు నమోదు చేసుకుంటే నెలలో మొదటి పది ప్రయాణాల తర్వాత పగటి టోల్ సగానికి తగ్గుతుంది. ఇవన్నీ ఆదాయాన్ని కిందికి లాగేవి. పైకి లాగేది కూడా ఒకటుంది: ఈ-జెడ్‌పాస్ లేని కారుకు ఇంటికి బిల్లు పంపిస్తారు, అప్పుడు 9కి బదులు 13.50. ఆ బిల్లులు కట్టనివాళ్లు మళ్లీ కిందికి లాగుతారు.

వీటిలో దేనికెంత వాటా అన్నది నా దగ్గరున్న ఫైళ్లు విడదీసి చెప్పవు. రెండు రోజులు ప్రయత్నించి మానుకున్నాను. పది శాతం ఇక్కడ, ఐదు శాతం అక్కడ అని ఊహించి పెడితే మొత్తం కలిసేలా ఎలాగైనా సర్దొచ్చు. అది లెక్క కాదు, మనసుకు నచ్చిన అంకె దగ్గరికి చేరుకోవడం.

అందుకే అన్నిటినీ కలిపి ఒక్క సంఖ్యగా ఉంచుతున్నాను. తగ్గింపుల తర్వాత రావాల్సిన డబ్బు ఒకవైపు, ఎంటీఏ ప్రకారం కార్ల నుంచి వచ్చిన 3.31 కోట్లు మరోవైపు. రెండోదాన్ని మొదటిదానితో భాగిస్తే వచ్చేదాన్ని 'వసూలు నిష్పత్తి' అంటున్నాను. జనవరిలో దాన్ని కొలిచి, ఫిబ్రవరి ఎంట్రీలకు వేసి చూడాలి.

ఇందులో ఒక బలహీనత ఉందని నాకు తెలుసు. ఈ నిష్పత్తి అన్ని దారులకూ ఒకటే కాకపోవచ్చు. న్యూజెర్సీ టనెల్‌లోంచి రోజుకు రెండుసార్లు రావాలంటే ప్రతిసారీ టనెల్ టోల్ కట్టాలి, కాబట్టి అలా వచ్చేవాళ్లు తక్కువే ఉంటారు. బ్రూక్లిన్, క్వీన్స్ వైపు నాలుగు వంతెనలూ ఉచితం. పక్కింటి అన్న రెండోసారి వంతెన మీదుగానే వచ్చారు. కాబట్టి వంతెనల ఎంట్రీల్లో టోల్ పడని భాగం ఎక్కువ ఉండాలి. కానీ ఎంటీఏ ఆదాయాన్ని దారులవారీగా చెప్పలేదు. ఒక్క నిష్పత్తితోనే నడవాలి.

మే 18, ఆదివారం

ఫిబ్రవరి పరీక్ష మొదలుపెట్టాను. కొత్త పద్ధతిని పొగుడుకునే ముందు, ఏ పద్ధతీ లేకుండా చేస్తే ఎంత వస్తుందో చూడాలి. జనవరి రోజు సగటు 18.02 లక్షల డాలర్లు. ఫిబ్రవరికి 28 రోజులు. గుణిస్తే 5.046 కోట్లు. ఎంటీఏ ప్రకటించినది 5.19 కోట్లు. తేడా 14.4 లక్షలు, అంటే 2.8 శాతం.

చిన్న పిల్లలు చేసే గుణకారానికి 2.8 శాతమే తప్పు. నా ఎంట్రీలు, టనెళ్లు, నిష్పత్తి అన్నీ కలిపి దీన్ని దాటకపోతే ఈ ఐదు వారాల పనికి అంచనాగా విలువ లేదు. ఈ అంకెను పెద్దగా రాసి టేబుల్ ముందు అంటించాను.

అయితే ఈ 2.8 శాతం వెనక ఆసక్తికరమైన సంగతి ఒకటుంది. క్యాలెండర్ తీసి చూస్తే జనవరి 5–31లో సోమవారం నుంచి శుక్రవారం దాకా ఉన్న రోజులు 20, శని ఆదివారాలు 7. ఫిబ్రవరిలో కూడా మామూలు రోజులు 20, వారాంతపు రోజులు 8. అంటే ఫిబ్రవరికి అదనంగా దక్కింది ఒక్క వారాంతపు రోజు. ఆదాయం మాత్రం 32.4 లక్షల డాలర్లు పెరిగింది. ఆ ఒక్క రోజుకూ పూర్తి సగటు ఇచ్చినా ఇంకా 14 లక్షలు మిగిలిపోతున్నాయి. అది క్యాలెండర్ వల్ల వచ్చింది కాదు. రోజువారీ రాబడే పెరిగింది. టోల్ కొత్తలో ఆగి చూసినవాళ్లు తిరిగి కార్లు తీశారా, లేక జనవరి మొదటి వారం సెలవుల తర్వాతి నెమ్మదా అన్నది చెప్పడానికి ఎంట్రీల ఫైలే కావాలి. సగటు గుణకారం ఈ ప్రశ్న వేయలేదు కూడా. నా పద్ధతికి చోటు అక్కడే ఉంది.

మధ్యాహ్నం హైదరాబాద్ నుంచి బావ ఫోన్ చేశాడు. ఏం చేస్తున్నావని అడిగితే చెప్పాను. "మరి మన హైటెక్ సిటీకి ఇలాంటిది పెడితే ఎంత వస్తుందో చెప్పు బావా, నీ దగ్గర సూత్రం ఉంది కదా" అన్నాడు.

సరదాగా అడిగినా నేను సీరియస్‌గానే ఆలోచించాను. మన్‌హాటన్ ద్వీపం. చుట్టూ నీళ్లు, ఉత్తరాన ఒక వీధి. పన్నెండు చోట్ల చూస్తే లోపలికి వచ్చే ప్రతి బండీ దొరుకుతుంది. హైటెక్ సిటీకి అలాంటి గీత లేదు, సందుల్లోంచి కూడా లోపలికి రావొచ్చు. అంతకంటే పెద్ద సంగతి, మన రోడ్ల మీద బైకులు ఎక్కువ, వాటికి ఫాస్టాగ్ ఉండదు. 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డు మీద ఫాస్టాగ్‌తో టోల్ తీసుకుంటున్నారు కానీ అది ఊరి చుట్టూ తిరిగే రోడ్డు, ఎక్కేచోటా దిగేచోటా గేట్లున్న రోడ్డు. "ఇక్కడి సూత్రం అక్కడికి రాదు బావా. ముందు ఎవరిని లెక్కపెట్టగలమో తేలాలి, రేటు తర్వాత" అన్నాను. "అయితే ముందు మెట్రోలో ఇంకో రెండు పెట్టెలు కలపమను" అన్నాడు. పొద్దున 9 గంటలకు ఆ మెట్రోలో నిలబడి వెళ్లేవాడికి ఆ మాట అనే హక్కుంది.

మే 24, శనివారం

ఏడాది మొత్తం ఎంత వస్తుందన్నది చాలామంది అడిగే ప్రశ్న. జనవరి నికర ఆదాయం 3.75 కోట్లను 27తో భాగించి 365తో గుణిస్తే దాదాపు 50.7 కోట్ల డాలర్లు. ఎంటీఏ పెట్టుకున్న 50 కోట్ల లక్ష్యానికి అతుక్కున్నట్టే ఉంది. కానీ ఈ గుణకారాన్ని ముందుకు తోసుకుంటూ పోకూడదు.

టోల్ అసలు ఉద్దేశం బండ్లను తగ్గించడం. బాగా పనిచేస్తే ఆదాయం తగ్గుతుంది. 2003 ఫిబ్రవరిలో లండన్ 5 పౌండ్లతో మొదలుపెట్టినప్పుడు ఇదే జరిగింది. అనుకున్నదానికంటే ఎక్కువ కార్లు ఆగిపోయాయి, నికర ఆదాయం అంచనాకంటే బాగా తక్కువ వచ్చింది. రోడ్డు బాగుపడింది, పద్దులో లోటు పడింది.

న్యూయార్క్‌లో మొదట అనుకున్న రేటు 15 డాలర్లు. 2024 జూన్ 30న మొదలు కావాల్సింది గవర్నర్ ఆపేశారు. నవంబర్‌లో 9 డాలర్లతో మళ్లీ ముందుకు తెచ్చారు. 2028లో 12, 2031లో 15 అవుతుంది. 9 నుంచి 12కి పెరిగితే రేటు మూడో వంతు పెరుగుతుంది, ఆదాయం మాత్రం అంత పెరగదు, ఎందుకంటే కొందరు కార్లు మానేస్తారు. ఎంతమంది మానేస్తారన్నది జనవరి, ఫిబ్రవరి ఎంట్రీల్లో ఎక్కడా లేదు. ఒకే రేటు ఉన్న డేటా నుంచి రేటు మారితే ఏమవుతుందో తీయలేం. అందుకే 2028 అంకె ఇమ్మని ఎవరు అడిగినా ఇవ్వను.

కానీ ఒక దారి కనిపిస్తోంది. రేటు ప్రతి రాత్రీ 9 గంటలకు 9 నుంచి 2.25కి పడిపోతుంది. తెల్లవారి 5కి మళ్లీ లేస్తుంది. రోజూ రెండుసార్లు జరిగే చిన్న పరీక్ష అది. 8.50 నుంచి 9.00 వరకు ఉన్న బ్లాకును, 9.00 నుంచి 9.10 వరకు ఉన్న బ్లాకుతో పోల్చొచ్చు. శని ఆదివారాల్లో పొద్దున గీత 9కి జరుగుతుంది కాబట్టి, మామూలు రోజుల 5 గంటలనూ వారాంతపు 9 గంటలనూ పక్కపక్కన పెట్టి చూడొచ్చు. పది నిమిషాల దూరంలో ఎవరు ఆగుతారో తెలిస్తే, మొత్తానికే ఎవరు మానేస్తారో తెలిసినట్టు కాదు. అయినా డబ్బుకు జనం ఎంత కదులుతారో చూపే మొదటి గుర్తు అదే.

మే 28, బుధవారం

నిన్న ఫెడరల్ జడ్జి లూయిస్ లైమన్ ఉత్తర్వు ఇచ్చారు. ఫిబ్రవరి 19న కేంద్ర రవాణా మంత్రి ఈ టోల్‌కు ఇచ్చిన అనుమతిని వెనక్కి తీసుకుంటున్నామని ప్రకటించారు, ఎంటీఏ అదే రోజు కోర్టుకు వెళ్లింది. టోల్‌ను ఆపించేందుకు ప్రభుత్వం చర్యలు తీసుకోకుండా ఇప్పుడు కోర్టు తాత్కాలికంగా అడ్డుకుంది. మూడు నెలలుగా ఉన్న టెన్షన్ కొంత తగ్గింది. కెమెరాలు నడుస్తాయి, ఫైలు పెరుగుతుంది.

సాయంత్రం ఆఫీసు నుంచి మన్‌హాటన్, న్యూజెర్సీల మధ్య నడిచే పాత్ రైల్లో వస్తూ కోడ్ సర్దుకున్నాను. కార్లు, ట్రక్కులు ఎంట్రీల నుంచి, ట్యాక్సీలు టీఎల్‌సీ ప్రయాణాల నుంచి. రెండు వేర్వేరు పైపులు, చివర్లో మాత్రమే కలుస్తాయి. ఫిబ్రవరికి టేబుల్ ముందున్న 2.8 శాతాన్ని ఓడించాలి, రకాలవారీగా.

రాత్రి 9 గంటల బ్లాకులు విడిగా తీసి పెట్టాను. ముందు న్యూజెర్సీ వైపు చూస్తాను. లింకన్ టనెల్‌లో పగటి కారుకు 6, రాత్రి కారుకు 2.25, అంటే ఆగితే మిగిలేది 3.75. క్వీన్స్‌బరో బ్రిడ్జి మీద అదే పది నిమిషాలు ఆగితే 6.75 మిగులుతుంది. ఒకే గడియారం, రెండు ధరలు. 9 గంటల ముందు ఎక్కువమంది ఆగేది వంతెన దగ్గరేనా అన్నది శనివారం చూడాలి.